యుద్ధం, పన్ను, బజారు: ఒక కంసాలి ఇంటి నుంచి జవాబు

తిరుపతిలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నలివి. మనిషి స్వేచ్ఛ, సొంత ఆస్తి, ఇష్టపూర్వకమైన లావాదేవీలే ముఖ్యమనే లిబర్టేరియన్లు యుద్ధాన్ని ఎందుకు వ్యతిరేకిస్తారు? ఆయుధాలు అమ్ముకుని బాగుపడేది కంపెనీలే కదా? పన్ను దోపిడీ అంటారు, మరి రోడ్లు ఎవరు వేస్తారు? చిత్తూరు రైతు మామిడికాయలు రోడ్డున పారబోస్తుంటే మార్కెట్టే చూసుకుంటుందని అనడం న్యాయమా? పక్కన చైనా, పాకిస్తాన్ ఉన్న దేశంలో ఈ సిద్ధాంతం చెల్లుతుందా?

మంచి ప్రశ్నలమ్మా. చిత్తూరులో బెల్లం మండీలకూ, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకూ నలభై ఏళ్లు పన్ను లెక్కలు రాశాను. సేల్స్ ట్యాక్స్ చూశాను, వ్యాట్ చూశాను, జీఎస్టీ చూశాను. ఈ సిద్ధాంతం నాకు పుస్తకాల్లో కనిపించకముందే ఇంట్లో కనిపించింది. అందుకే జవాబు అక్కణ్ణించే మొదలుపెడతాను.

మా నాన్న కంసాలి. వీధి అరుగు మీదే కుంపటి, పటకారు, మూస, గీటురాయి. 1962 అక్టోబరులో చైనాతో యుద్ధం వచ్చింది. నవంబరు 21న కాల్పులు ఆగాయి. ఆ తర్వాత, అంటే తుపాకులు చల్లారాక, 1963 జనవరిలో బంగారు నియంత్రణ వచ్చింది. దేశ రక్షణ నిబంధనల కింద తెచ్చారు. ఇకమీదట 14 క్యారెట్లకు మించిన నగ చేయకూడదు. విదేశీ మారకం కరిగిపోతోంది, దొంగ బంగారం దిగుతోంది, జనానికి బంగారం మోజు తగ్గించాలి అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు.

22 క్యారెట్లంటే నూటికి సుమారు 92 పాళ్లు బంగారం. 14 క్యారెట్లంటే 58 పాళ్లే, మిగతాది రాగీ వెండీ. మా నాన్న ఆ కొత్త లోహాన్ని కమ్మచ్చులో, అంటే తీగ లాగే కంతల పలకలో, పెట్టి లాగడం నాకు బాగా గుర్తు. రెండు కంతలు దాటేసరికి గట్టిపడిపోయేది. మళ్లీ కాల్చి మెత్తబరచి లాగితే పుటుక్కున తెగేది. గీటురాయి మీద గీస్తే ఎర్రటి గీత. ఆ మొదటి నెలల్లోనే ఒకరోజు పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. వాళ్లమ్మ మెడలోని గుండ్లు పంచె పేలికలో మూటగట్టుకుని తెచ్చింది. కూతురి పెళ్లి, వాటిని కరిగించి కొత్తవి చేయమంది. చేయకూడదమ్మా, చేస్తే నా మీద కేసు అన్నాడు నాన్న. ఆవిడ అరుగు దిగలేదు. "మా అమ్మ గుండ్లు నా బిడ్డకు చేయించుకునేదానికి గవర్నమెంటు ఏందయ్యా మధ్యలో?" అని అడిగింది. నాన్న దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఈనాటికీ లేదు.

లిబర్టేరియన్ ఆలోచన అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. వస్తువు ఆవిడది, చేసే చెయ్యి మా నాన్నది, ఇద్దరికీ ఇష్టమే, మూడో మనిషికి నష్టం లేదు. అయినా కూడదు. ఎందుకంటే ఎక్కడో హిమాలయాల్లో యుద్ధం జరిగింది.

పాత నగ మార్చి చేసే విషయంలో ఆ తర్వాత కొంత సడలించారు. 1966లో 14 క్యారెట్ల షరతు తీసేశారు. కానీ నియంత్రణ పోలేదు. 1968లో ఏకంగా చట్టమైంది. కంసాలికి సర్టిఫికెట్, వ్యాపారికి లైసెన్సు, ప్రతి గ్రాముకూ పద్దు. అది రద్దయింది 1990లో. నెల రోజుల యుద్ధం పేరుతో వచ్చిన అదుపు ఇరవై ఏడేళ్లు నిలిచింది. ఈలోగా దేశంలో పలుచోట్ల కంసాలులు ప్రాణాలు తీసుకున్నారు, దొంగ బంగారం వ్యాపారం మాత్రం ఎన్నడూ లేనంతగా పెరిగింది. మా నాన్న 1963లోనే కుంపటి ఎత్తేసి బెల్లం మండీలో గుమాస్తాగా చేరాడు. మా ఇంట్లోకి పద్దుల పుస్తకం వచ్చింది అలాగే.

అమెరికా ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ హిగ్స్ 1987లో ఈ సంగతినే సిద్ధాంతంగా రాశారు. నేనది చాలా ఆలస్యంగా చదివాను. చదువుతుంటే మా అరుగు గురించి రాసినట్టే అనిపించింది. సంక్షోభం వచ్చినప్పుడు ప్రభుత్వం పెరుగుతుంది, సంక్షోభం పోయాక కొంత తగ్గుతుంది, కానీ పాత మట్టానికి మాత్రం రాదు అని ఆయన వాదన. లారీ కింద పెట్టే జాకీ చూశారు కదా, ఒక్కో తోపుకు ఒక్కో మెట్టు పైకెక్కుతుంది, చెయ్యి తీసేసినా కిందికి జారదు. అలాంటిదే.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఆయుధాల కంపెనీలు లాభపడతాయన్నది నిజమే. కానీ ఆ లాభం మీరూ నేనూ ఇష్టపడి కొంటే వచ్చింది కాదు, మన దగ్గర పన్నుగా వసూలు చేసిన డబ్బుతో ప్రభుత్వం కొంటే వచ్చింది. కొనేవాడు ఒక్కడే, డబ్బు వాడిది కాదు, ధర అడిగితే రహస్యం అంటారు. దాన్ని మార్కెట్ అనడం సరికాదు. వ్యాపారి పక్షం వహించడం వేరు, బజారు పక్షం వహించడం వేరు. ఈ తేడా పట్టుకోకపోతే ఈ సిద్ధాంతం మొత్తం తలకిందులుగా అర్థమవుతుంది. ప్రభుత్వ కాంట్రాక్టుతో బతికే వ్యాపారికి స్వేచ్ఛా మార్కెట్ అంటే భయం. నలభై ఏళ్లలో అలాంటివాళ్ల లెక్కలు కూడా చూశాను కాబట్టి చెబుతున్నాను.

పన్నుకూ యుద్ధానికీ ఉన్న చుట్టరికం మన ఊరి చరిత్రలోనే ఉంది. బ్రిటన్‌లో ఆదాయపు పన్ను 1799లో పుట్టింది, ఫ్రాన్స్‌తో యుద్ధం కోసం. మన దేశంలో 1860లో పుట్టింది, 1857 తిరుగుబాటును అణచడానికైన ఖర్చు రాబట్టుకోవడం కోసం. తెచ్చినవాడు జేమ్స్ విల్సన్. ఈయన ఎవరో తెలుసా? స్వేచ్ఛా వాణిజ్యం కోసం పోరాడిన మనిషి, 'ది ఎకనామిస్ట్' పత్రిక స్థాపకుడు. అంతటి బజారు పక్షపాతి చేతనే పన్ను వేయించింది యుద్ధం. అప్పుడు మద్రాసు గవర్నరు చార్లెస్ ట్రెవెల్యాన్. చిత్తూరు అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం, మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ట్రెవెల్యాన్ ఈ పన్ను వద్దన్నాడు. ముందు ఖర్చు తగ్గించండి, సైన్యం ఖర్చు తగ్గించండి, కొత్త పన్ను ఎందుకు అని వాదించాడు. ఆ వాదనను పత్రికలకెక్కించినందుకు ఆయన్ని వెనక్కి పిలిపించారు. పన్ను మాత్రం వచ్చింది. మధ్యలో కొన్నిసార్లు తీసేశారు, మళ్లీ తెచ్చారు, 1886 చట్టంతో స్థిరపడింది. ట్రెవెల్యాన్ అడిగిన ప్రశ్న ఇప్పటికీ సరైన ప్రశ్నే అని నా నమ్మకం.

ఇంకా వెనక్కి వెళితే ఆర్కాటు నవాబు. కర్ణాటక యుద్ధాలకు ఈస్టిండియా కంపెనీ దగ్గర అప్పుల మీద అప్పులు చేసి, తిరుమల ఆలయానికి వచ్చే రాబడిని కూడా కంపెనీకి అప్పు కింద జమకట్టాడు. కొండెక్కి మొక్కు చెల్లించిన భక్తుడి కానుక ఎవరి యుద్ధానికి పోయిందో ఆ భక్తుడికి తెలియదు. 1801లో కంపెనీ ఆ నవాబు రాజ్యాన్ని తీసుకున్నాక గుడి పెత్తనం నేరుగా దాని చేతికే పోయింది. 1843 దాకా అదే పరిస్థితి. ఆ తర్వాతే హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించారు.

అమెరికాలో 1913లో ఆదాయపు పన్ను గరిష్ఠ రేటు 7 శాతం. మొదటి ప్రపంచయుద్ధంలో, 1918కల్లా 77 శాతం. రెండో యుద్ధంలో 94. జీతం చేతికి రాకముందే పన్ను కోసుకునే పద్ధతి, మన టీడీఎస్ లాంటిది, అక్కడ 1943లో యుద్ధం మధ్యలో వచ్చింది. ఆ పని చేసిన ట్రెజరీ ఉద్యోగుల్లో కుర్రవాడిగా ఉన్న మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒకరు. ఆ తర్వాత ఆయనే స్వేచ్ఛా మార్కెట్‌కు ప్రపంచంలో పెద్ద గొంతు అయ్యారు. నిర్బంధ సైనిక సేవకు వ్యతిరేకంగా వాదించారు, దాన్ని పరిశీలించిన అధ్యక్షుడి కమిషన్‌లో సభ్యులుగా ఉన్నారు. 1973లో అమెరికా ఆ పద్ధతి ఆపేసింది. లిబర్టేరియన్ల లెక్కలో కుర్రవాణ్ణి బలవంతంగా సైన్యంలోకి లాక్కోవడమే అన్నిటికంటే పెద్ద పన్ను. డబ్బు తీసుకుంటే మళ్లీ సంపాదించుకోవచ్చు.

పన్ను చాలకపోతే అప్పు, అదీ చాలకపోతే నోట్లు అచ్చువేయడం. నోట్లు ఎక్కువైతే ధరలు పెరుగుతాయి, ఎవరూ సంతకం పెట్టకుండా, ఏ శాసనసభలోనూ ఓటు వేయకుండా అందరి జేబుకూ కోత పడుతుంది. దీని మీద ఎంతైనా రాయొచ్చు, ఇప్పటికిది చాలు.

ఇక రోడ్లు ఎవరు వేస్తారన్న ప్రశ్న. లిబర్టేరియన్లంతా ఒకే మాట మీద లేరు, ఇది ముందు తెలుసుకోండి. పన్ను అంటేనే దొంగతనం, రాజ్యమే అక్కర్లేదు అన్నారు అమెరికా ఆర్థికవేత్త ముర్రే రాత్‌బర్డ్. పోలీసు, కోర్టు, దేశ రక్షణ వరకే రాజ్యం ఉండాలి, దాన్ని దాటితే మనిషి హక్కుల్లోకి చొరబడటమే అన్నారు అమెరికా తత్వవేత్త రాబర్ట్ నాజిక్, 1974లో. ఆస్ట్రియాలో పుట్టిన ఆర్థికవేత్త హయెక్ ఇంకా మెత్తన, ఏ ఆధారమూ లేనివాడికి కనీసపు ఆదాయం ఏర్పాటు చేయడం తప్పుకాదన్నారు. నేను రాత్‌బర్డ్ వెంట వెళ్లలేను. కొలతరాయిలో మోసం చేసిన మండీ వ్యాపారి మీద కేసు వేస్తే కోర్టు కావాలి, ఆ జడ్జికి జీతం కావాలి. కానీ పన్ను లేకపోతే ఏ ఉమ్మడి పనీ జరగదన్నది కూడా నిజం కాదు. మన రాయలసీమ చెరువుల్లో ఎన్నో దశబంధం మీద నడిచాయి. చెరువు తవ్వించినవాడికీ, బాగుచేయించేవాడికీ ఆయకట్టులో కొంత భూమి లేదా శిస్తులో భాగం వదిలేసేవారు. చెరువు ఎండితే వాడి పొలమూ ఎండుతుంది, కాబట్టి తూము పగిలితే ఆ రాత్రే వచ్చేవాడు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇప్పటికీ భక్తుల విరాళాల మీదే నడుస్తోంది. రోజూ వేలవేల మంది తింటున్నారు, ఎవరినీ బలవంతపెట్టి వసూలు చేసింది కాదు. అయితే దేవుడికిచ్చే చెయ్యి రోడ్డుకూ డ్రైనేజీకీ అంతే ఉదారంగా ఇస్తుందని నేను అనుకోను. వాడేవాడి దగ్గర వసూలు చేయగలిగింది అలా చేయాలి, చేయలేనిదానికి పన్ను వేయాలి, ఆ పన్ను అందరికీ కంటికి కనబడాలి. నా అభిప్రాయం ఇంతవరకే.

పన్ను కనబడితే ఏమవుతుందో చిత్తూరువాళ్లకు చెప్పక్కర్లేదు. ఒకపక్క కర్ణాటక, ఒకపక్క తమిళనాడు. పెట్రోలు, డీజిలు మీద వ్యాట్ మన దగ్గర ఎక్కువ, కాబట్టి అటు పోయే లారీ ఏదైనా సరిహద్దు దాటాకే ట్యాంకు నింపుకుంటుంది. ఇవతలి బంకువాడు ఈగలు తోలుకుంటూ కూర్చుంటాడు. పన్ను మరీ పెంచకుండా ప్రభుత్వాన్ని ఆపే గట్టి శక్తి ఇదే: జనం దాటిపోగలగడం. అందుకే లిబర్టేరియన్లు అధికారం చిన్నచిన్న ముక్కలుగా ఉండాలంటారు. సరిహద్దు దాటలేని వాడికి మాత్రం ఆ సుఖం లేదు, రోజూ మోపెడ్ మీద పాలు తెచ్చేవాడు పక్క రాష్ట్రానికి పోయి లీటరు పెట్రోలు పోయించుకోలేడు కదా.

మామిడి సంగతికి వస్తున్నాను. మీరు కోపంగా అడిగారు, ఆ కోపం న్యాయమైనది.

2025లో మన జిల్లాలో తోతాపురి ధర కూలిపోయినప్పుడు ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు అని ప్రకటించింది. 8 ఫ్యాక్టరీ ఇవ్వాలి, 4 ప్రభుత్వం రైతు ఖాతాలో వేస్తుంది. ఈ రెండూ ఒకే రకం సాయంలా కనిపిస్తాయి, కానీ కావు. 4 రూపాయలు రైతుకు నేరుగా అందే డబ్బు, దానివల్ల బజారు ధర చెడదు. 8 రూపాయలు మాత్రం ఆర్డరు. ముందటేడు గుజ్జే డ్రమ్ముల్లో మిగిలిపోయి ఉన్న ఫ్యాక్టరీ ఆ రేటుకు కొనడానికి ఇష్టపడకపోతే ఏం చేస్తుంది? కాదని అనదు, గేటు నెమ్మదిగా తెరుస్తుంది. టోకెన్ ఇస్తుంది, రేపు రమ్మంటుంది. ఆ జూన్‌లో నేను ఒక ఫ్యాక్టరీ బయట చూశాను: ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలబడి ఉన్నాయి, ట్రాలీ అడుగున కాయ మగ్గి రసం చక్రాల మీదికి కారుతోంది, ఈగలు ముసురుతున్నాయి. ఒక రైతు ట్రాలీ కింద తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు, రెండు రోజులైందట వచ్చి. కాగితం మీద ఆయన కాయ ధర 12 రూపాయలు. ట్రాలీలో దాని విలువ గంటగంటకీ తరిగిపోతోంది. ధరను పైన పట్టి ఉంచితే కొనేవాళ్ల కొరత ఇంకో రూపంలో బయటపడుతుంది, ఈసారి క్యూ రూపంలో పడింది. సాయం చేయాలనుకుంటే డబ్బు ఇవ్వండి, ధరను ముట్టుకోకండి అని ఫ్రీడ్‌మన్ లాంటివాళ్లు అనేది ఇందుకే.

అలాగని మార్కెట్టే చూసుకుంటుందని ఆ ట్రాలీ కింద మనిషితో నేను అనను. మామిడి చెట్టు ఈ ఏడు ధర చూసి వచ్చే ఏడు మార్చే పంట కాదు. కొనే ఫ్యాక్టరీలు కొన్నే, అమ్మే రైతులు వేలమంది. నిజమైన బజారుకు కొనేవాళ్లు ఎక్కువమంది కావాలి, అది రైతుకు ఇంకా దక్కలేదు. అసలు ఆ గుజ్జు ఎందుకు మిగిలిపోయిందో కూడా చూడండి. మన గుజ్జు గల్ఫ్‌కూ యూరప్‌కూ ఓడల్లో పోవాలి. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక యూరప్ పోయే ఓడలు సూయెజ్ దారి వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి పోవాల్సి వచ్చింది, కిరాయి పెరిగింది, రోజులు పెరిగాయి. ధర పడిపోవడానికి ఇదొక్కటే కారణం కాదు, కానీ ఒక కారణం. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది, అందులో సగం రష్యా దగ్గర చమురు కొంటున్నామన్న పేరుతో. రష్యా యుక్రెయిన్ యుద్ధానికీ, కోస్తాలో రొయ్యల చెరువు తవ్వుకున్న రైతుకూ ఏం సంబంధం? మా నాన్న కుంపటికీ హిమాలయాలకూ ఉన్న సంబంధమే.

ఇది పడమటి దేశాల నుంచి దిగుమతైన ఆలోచన అని మీ మిత్రులు అన్నారని కూడా రాశారు. 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు దానికి అధ్యక్షుడు గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన రైతు నాయకుడు ఎన్.జి.రంగా. ఉమ్మడి సహకార సేద్యం పేరుతో రైతు భూమి రైతుకు కాకుండా పోతుందన్నది ఆయన భయం. 1962లో తెనాలిలో ఓడిపోయి, అదే ఏడాది ఉప ఎన్నికలో లోక్‌సభకు గెలిచింది ఎక్కడి నుంచో తెలుసా? మన చిత్తూరు నుంచి. పర్మిట్ లైసెన్స్ రాజ్యం అన్న మాటను జనంలోకి తెచ్చింది రాజాజీ. అదే రాజాజీ ఎనభై దాటిన వయసులో 1962లో వాషింగ్టన్ వెళ్లి కెనెడీని కలిసి అణు పరీక్షలు ఆపమని అడిగారు. ఆ పార్టీలో జమీందారులూ ఉన్నారు, పెద్ద వ్యాపారులూ ఉన్నారు, రక్షణ విషయంలో రాజాజీకీ, ఆ పార్టీ మరో నాయకుడు మినూ మసానీకీ ఒకే చూపు లేదు. అయినా బజారు స్వేచ్ఛనూ శాంతినీ ఒకే మనిషి ఒకే నోటితో అడగడం మన దేశానికి కొత్తేమీ కాదు.

చివరిది, చైనా, పాకిస్తాన్. దాడి చేసినవాణ్ణి తిప్పికొట్టడం తప్పని లిబర్టేరియన్లు చాలావరకు అనరు. బలప్రయోగం మొదలుపెట్టకూడదన్నదే వాళ్ల సూత్రం, ఎదిరించకూడదని కాదు. మన రక్షణ బడ్జెట్ 2025-26లో 6.81 లక్షల కోట్లు, అందులో నా పన్ను ఉన్నందుకు నాకు బాధ లేదు. కొండల్లో జవాను నిలబడితేనే నేను ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. నేను అడిగేది వేరు. 1962 అక్టోబరు 26న ప్రకటించిన ఎమర్జెన్సీ, యుద్ధం నెలలోపే ఆగినా, 1968 జనవరి దాకా ఎందుకు ఉంది? జవానుకు తుపాకీ కొనడానికీ, కంసాలి కమ్మచ్చు మీద కాపలా పెట్టడానికీ సంబంధమేమిటి? యుద్ధం పేరుతో వచ్చే ప్రతి పన్నుకూ, ప్రతి అధికారానికీ ముగిసే తేదీ ఆ కాగితం మీదే రాసి ఉండాలి. పొడిగించాలంటే పార్లమెంటు మళ్లీ ఓటు వేయాలి.

అది జరగని పనేం కాదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం ఉత్తరాల మీద అదనంగా 5 పైసల బిళ్ల అంటించాలన్నారు. మండీ ఉత్తరాలన్నిటికీ ఆ బిళ్లలు నాలుకతో తడిపి అంటించింది నేనే, నాన్న పక్కన కూర్చుని. శరణార్థులు వెనక్కి వెళ్లారు. 1973 మార్చి 31తో ఆ బిళ్ల ఆగిపోయింది, ఏప్రిల్ నుంచి ఉత్తరానికి మామూలు స్టాంపు ఒక్కటే అంటించాము.